చేపకు తీసిన మీసం

సైగాన్ వైపు సముద్రం చూడబోయేవాళ్ళకు మా ఇంటాయన చెప్పే మొదటి మాట, చెప్పులు బండిలోనే వదిలి దిగమని. రెండో మాట, మిట్టమధ్యాహ్నమైతే అసలు దిగవద్దని. ఈ మాటలు ఆయన ఉదయగిరిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. వినేవాళ్ళలో నెల్లూరు దాటి చూసినవాడు ఒక్కడూ లేడు. సగం మందికి చెప్పులే లేవు. అయినా అందరూ రేపు తెల్లవారి బయలుదేరేవాళ్ళలాగా తలలూపేవాళ్ళు.

ఇప్పుడు ఆ అరుగు లేదు. వినడానికి వచ్చినవాళ్ళలోనూ చాలామంది లేరు. మా ఇంటాయన కూడా పోయి ఏళ్ళయింది కాబట్టే, ముసలితనంలో మనవరాలి పలక మీద నేర్చుకున్న అక్షరాలతో ఇది రాస్తున్నాను. ఆయన చెప్పిన దారులు, కొండలు, ఒడ్డులు అన్నీ నాకు వరసగా గుర్తున్నాయి. కావాలంటే ఎవరినైనా అక్కడికి తీసుకుపోయి నేనే తిప్పి చూపించగలను. సముద్రాన్ని మాత్రం ఈనాటి దాకా చూడలేదు.

ధాత నామ సంవత్సరంలో పెద్ద కరువు మొదలైంది. ఆ ఏడే మా ఎద్దులు రెండూ పోయాయి. బండి మిగిలింది, లాగేవి లేవు. బండి తోలడం తప్ప ఇంకో పని చేతకాని మనిషి ఆయన. పని వెతుక్కుంటూ చెన్నపట్నం పోయాడు. అక్కడ పుదుచ్చేరి అరవవాళ్ళు సైగాన్‌లో గుర్రబ్బండ్లు తోలడానికి మనుషులను పోగుచేస్తుంటే వాళ్ళతో కలిసి ఓడ ఎక్కాడు. ఎక్కేముందు ఆత్మకూరు సంతకు వచ్చే ఒకాయన చేత కబురు పంపాడు, సముద్రం దాటి పోతున్నాను, ఏడాదిలో వస్తాను అని. ఆ కబురు విని మా మామ, అంటే ఆయన తండ్రి, మురిసిపోయాడు. మా అత్త మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

మా అత్త నాకు మేనత్త కూడా, మా నాయనకు సొంత అక్క. ఆమె కోపం మా పుట్టింట్లో అందరూ ఎరిగిందే. అరవదు, తిట్టదు, నోరు కట్టేసుకుంటుంది. దానికంటే నాలుగు దెబ్బలు తినడం నయమని మా నాయన అనేవాడు. ఒక్కడే కొడుకు, ఆ కొడుకు నీళ్ళు దాటిపోతే ఆమె మూడు రోజులతో సరిపెట్టిందంటే నాకు ఆశ్చర్యమే వేసింది.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. అయితే ఆ వానకు పంట చేతికి రావడానికి ఇంకా నెలలు పడుతుంది. మనుషులు ఎక్కువగా పోయింది ఆ మధ్యకాలంలోనే. మేం ముగ్గురం ఆత్మకూరు దగ్గర దొరలు వేయిస్తున్న రోడ్డుకు కంకర కొట్టే పనికి పోయాం. అక్కడి గుడిసెలోనే మామకు జ్వరం తగిలింది. నాలుగో రోజు మధ్యాహ్నం పక్క గుడిసెలోని అవ్వ వచ్చి, "రేపు కార్తీక ఏకాదశంట. ఒక్కపొద్దుండాలంట" అంది. అందరం నవ్వాం. ఆ గుడిసెల్లో మాకు రోజూ ఏకాదశే. ఆ నవ్వులోనే నేను మామ వైపు తిరిగి చూశాను. ఆయన పోయి ఉన్నాడు. అందుకే ఆ తిథి నాకు చచ్చేదాకా మరపు రాదు. కార్తీక శుద్ధ దశమి. దూరపు దాయాది ఒకాయన నిప్పు పెట్టాడు. కొడుకు ఎక్కడ ఉన్నాడో కూడా మాకు తెలియదు.

ఆయన తిరిగి వచ్చింది ఆ పై ఆషాఢంలో. పొద్దున్నే నేనూ అత్తా వాకిట్లో జొన్నలు చెరుగుతున్నాం. ఎవరో తలుపు దగ్గర నిలబడ్డారు. తలెత్తి చూస్తే ఆయనే. చిక్కిపోయాడు, నల్లబడ్డాడు, ముఖాన మీసం లేదు.

మా వైపు తండ్రి బతికి ఉన్నవాడు మీసం తీయించడు. తీయిస్తే తండ్రికి కీడు పిలిచినట్టే. మీసం లేని కొడుకును చూడగానే మా ఇద్దరికీ ఒకటే తోచింది, ఆత్మకూరులో ఎవరో చెప్పి ఉంటారు, విని తీయించుకుని వచ్చి ఉంటాడని. అత్త చేట పడేసి పోయి కొడుకును పట్టుకుని భోరుమంది. మామ పోయిన రోజున కూడా ఆమె అంతగా ఏడవలేదు. తల్లి ఏడుస్తుంటే ఆయనా ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని ఇంట్లోకి తొంగిచూస్తూ అడిగాడు.

"నాయన ఏడమ్మా? చేనికి పోయినాడా?"

అత్త చేతులు వదిలేసింది. "మరి ఆ మీసం ఏంది?" అంది.

ఆయన నిలబడ్డ చోటే ఆ కథ చెప్పాడు. సైగాన్ నుంచి సముద్రపు మొనకు దొరలను గాలి మార్పుకు తీసుకుపోతారు. అక్కడ ఈయన వాళ్ళ గుర్రబ్బండి తోలేవాడు. ఒకరోజు తెల్లవారుజామున గుర్రాన్ని కడగడానికి ఒడ్డుకు పోతే ఇసుకలో నల్లగా ఏదో పడి ఉంది. నాలుగు బండ్లు వరసగా నిలబెట్టినంత చేప, చచ్చి ఉంది. ఈయన కేకలు వేస్తే పల్లెవాళ్ళు పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద పడ్డారు. వాళ్ళకు ఆ చేప దేవుడు. మునిగే పడవలను వీపు మీద మోసి ఒడ్డుకు చేరుస్తుందట. అది చచ్చి ఒడ్డుకు వస్తే మొదట చూసినవాడు దానికి పెద్దకొడుకు. వాడే కర్మ చేయాలి.

"నాకు వాళ్ళ మాట రాదు. నువ్వే పెద్దకొడుకువని సైగలు చేసి నా తలకి తెల్లగుడ్డ కట్టినారు. పెద్దకొడుకంటే మనం ఏం చేస్తాం? నేను పోయి తలా మీసం తీయించుకోని వచ్చినాను. వాళ్ళు నోళ్ళు తెరుచుకోని చూసినారు. వాళ్ళకి ఆ తెల్లగుడ్డ ఒకటే చాలంట, నాకేం తెలుసు? వాళ్ళల్లో ఒక ముసలాయన నా చేతులు పట్టుకోని ఏడ్చినాడమ్మా. ఆయన్ని చూసి, ఏడాది దాకా మీసం పెంచనని మాటిచ్చినాను."

"ఏ దినం అది?"

"మా కూడా ఉండే అరవోళ్ళు దీపావళి చేసుకున్న మూడో దినం. అమావాస్య మర్నాడు. సముద్రం పోటు మీద ఉంటే ఆ చేప కొట్టుకోనొచ్చింది."

అమావాస్య మర్నాడంటే పాడ్యమి. అత్త నా వైపు చూసింది. నేను చేట వైపు చూశాను. పాడ్యమి నుంచి దశమికి తొమ్మిది రోజులు. తండ్రి ఇక్కడ ఊపిరితో ఉండగా కొడుకు అక్కడ తల గొరిగించుకున్నాడు, అదీ ఒక చేపకు.

"మీ నాయన పోయినాడు. కార్తీకంలో," అని చెప్పి అత్త లోపలికి పోయింది. ఆ తర్వాత ఆమె కొడుకుతో మాట్లాడలేదు.

ఆయన నన్ను అడిగాడు, ఒకసారి కాదు, ఎన్నోసార్లు. "కార్తీకంలో ఏ దినం? నేను మీసం తీసినాక పోయినాడా, ముందే పోయినాడా? అదొక్కటి చెప్పు." ఆయనకు కావలసింది అదొక్కటే. ముందే పోయి ఉంటే తెలియకుండానే తండ్రికి కొడుకుగా నిలిచినట్టు. తర్వాత పోయి ఉంటే తన చేతులతో తండ్రిని పంపినట్టు. నేను, "ఆ గుడిసెల్లో దినాలు ఎవురు చూసినారు బావా?" అని తప్పించుకునేదాన్ని. అత్త నాకు ముందే చెప్పి పెట్టింది, "వాడికి చెప్పబాకమే" అని. అది కోపంతో అన్న మాటే అనుకున్నాను. తల్లీకొడుకుల మధ్య నన్ను ఇరికించిందని ఆమె మీద మండిపడుతూ రోజుకు పదిసార్లు గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని.

ఇంట్లో మాట లేదు. అందుకే ఆయన అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. సైగాన్ పోయొచ్చిన మనిషి అరుగు మీద ఉంటే వినేవాళ్ళకు కరువేముంది? సాయంత్రమయ్యేసరికి ఎదురింటి గరిటెలు చెక్కే అన్న తన చెక్క, ఉలి తీసుకుని మరీ వచ్చేవాడు. కరువు ఏడిపించి ఏడిపించి వదిలిన ఊరు అది. ఆ నెలల్లో మా అరుగు మీద వినబడినంత నవ్వు ఉదయగిరిలో ఇంకెక్కడా వినబడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ సాయంత్రాలకు మళ్ళీ పోవాలనిపిస్తుంది.

గరిటెల అన్న సగం చెక్కిన గరిటెలు రెండు బోర్లించి మా ఇంటాయన మొదలుపెట్టేవాడు.

"నేల మొనదేలి నీళ్ళల్లోకి పోతాది. దాని మీద రెండు కొండలు. ఇది పెద్దకొండ, ఇది చిన్నకొండ. పడమటి పక్కది ముందొడ్డు, తూర్పు పక్కది వెనకొడ్డు. కార్తీకం నించి మాఘం దాకా పోయేవాళ్ళు ముందొడ్డున దిగండి. గాలి తూర్పునించి కొడతా ఉంటాది, ముందొడ్డు నీళ్ళు చెరువు మాదిరి ఉంటాయి. ఆషాఢం శ్రావణాల్లో అయితే వెనకొడ్డుకి పోండి. ఇది తెలీకుండా పోతే పోయిన పని చెడతాది."

"ఇంతకీ పోయిన పని ఏందిరా?" అని ఒకాయన.

"చూడటం."

"చూసి?"

"చూసి తిరిగి రావడం. దొరలు గాలి కోసరం పోతారు."

"గాలి కోసరం ఓడెక్కేదేందిరా? మన కోట మీద లేదా గాలి?"

కోట మాట వస్తే ఆయనకు హుషారు. చిన్నకొండ మీద ఓడలకు దారి చూపే దీపం ఉందట. పొద్దు ఎక్కకముందే ఎక్కాలి, నీళ్ళు వెంట తీసుకుపోవాలి, దిగేటప్పుడు ఎడమ చేతి దారిన దిగాలి, ఆ దారిలో నీడ ఉంటుంది. "మన కోట ఎక్కినోడికి అదొక కొండే కాదు. దొరసానులు మాత్రం మూడుచోట్ల కూర్చుంటారు" అనేవాడు. పల్లెలోకి పోయినప్పుడు ముక్కుకు పైపంచ అడ్డం పెట్టుకోవద్దు, వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. జాడీల్లో చేపలను ఉప్పు వేసి ఊరబెట్టి ఆ నీళ్ళు కూడులో పోసుకుంటారు. మొదటి రోజు కడుపులో తిప్పుతుంది. నాలుగో రోజుకు అది లేకపోతే ముద్ద దిగదు. పోటు తీసిన వేళ తడి ఇసుక గట్టిగా ఉంటుంది, బండి దాని మీద తోలవచ్చు. నీళ్ళు తిరిగి రావడం మొదలుపెడితే మాత్రం బేరాలు పెట్టుకోకుండా బండి వెనక్కి తిప్పాలి. ఇంకేం చూసినా చూడకపోయినా, పొద్దు గూకే వేళకు ముందొడ్డున ఉండాలి. "మనకి కొండ వెనక దిగే పొద్దు ఆడ నీళ్ళల్లో దిగుతాది. కళ్ళారా చూస్తే ఆ పూటకి కూడు అక్కర్లేదు." కరువు దాటిన ఊళ్ళో ఆ మాట అన్నా ఎవరూ ఆయన్ని తప్పు పట్టలేదు.

ఒకసారి సీతారామపురం నుంచి వచ్చిన పెద్దరైతు ఒకాయన అంతా నిదానంగా విని, "అన్ని నీళ్ళకి కట్ట ఏ పక్క పోసినారు?" అని అడిగాడు.

"కట్ట లేదు పెద్దాయనా."

"కట్ట లేకుండా నీళ్ళు ఎట్ట నిలబడతాయి? పోనీ, తూములెన్ని?"

"తూములూ లేవు. ఎవురూ పారించుకోరు. ఉప్పునీళ్ళు."

"అట్టయితే నువ్వు చూడలా. ఎవురో చెప్తే ఇన్నావు," అని తేల్చేసి ఆయన లేచిపోయాడు.

ఆయన తప్పేం లేదు. మా వైపు పెద్ద చెరువునే సముద్రమంటారు, సాగరమంటారు. ఆత్మకూరు పోయే దారిలో అనంతసాగరం చూసినవాడికి సాగరానికి కట్టా, తూమూ, అలుగూ ఉండి తీరాలి. మా ఇంటాయన ఆ రైతు వెంటపడి వీధి చివరి దాకా వాదించాడు, ఓడిపోయి తిరిగొచ్చాడు. లోపల తలుపు చాటున అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమోనని దగ్గరికి పోయాను, నవ్వుతోంది. నన్ను చూడగానే ముఖం బిగించి చేట అందుకుంది.

అప్పుడు గమనించాను. సాయంత్రమయ్యేసరికి ఆమె చేటో, చాటెడు కందులో పట్టుకుని ఆ తలుపు దగ్గరికే చేరుతుంది. చెరిగిన వాటినే మళ్ళీ చెరుగుతుంది. కొడుకు గొంతు తగ్గితే చేట ఆపుతుంది. ఒకటి రెండుసార్లు ఆయన చెబుతూ చెబుతూ, "పల్లె చివర ఒక గుడి ఉండాది, అందులో ఎముకలు..." అని ఆగిపోయేవాడు. ఆ చేప ఎముకలను కడిగి అక్కడే పెడతారట. చూడవలసిన వాటిలో అది మొదటిదని నాకు ఒకసారి చెప్పాడు. అరుగు మీద మాత్రం ఆ మాట దగ్గరికి వచ్చి పక్కకు తప్పుకునేవాడు. వినేవాళ్ళకు తెలియదు. తలుపుకు అటు ఆయనకు, ఇటు మా ఇద్దరికీ తెలుసు.

ఆశ్వయుజం చివర పురోహితుడు వచ్చాడు. మామకు ఏడాది నిండుతోంది, సంవత్సరీకం పెట్టాలి. అరుగు మీద పంచాంగం విప్పి, "తిథి చెప్పండి" అన్నాడు.

మా ఇంటాయన తెల్లబోయాడు. ఇన్ని నెలలుగా ఆయన భయపడుతున్న ప్రశ్న అదే. తల్లిని అడగలేడు, ఆమె పలకదు. నా వైపు చూశాడు. దశమి అంటే ఆయన ఆ నిమిషంలోనే లెక్క వేసుకుంటాడు. వేసుకున్నాక ఆ మనిషి ఇక బతికినన్నాళ్ళూ మనిషి కాడు. అబద్ధం చెబితే చచ్చిన మామకు ఏటేటా తప్పుడు రోజున పిండం పడుతుంది. ఏ నోటితో ఏది చెప్పను? నన్ను ఈ స్థితిలో నిలబెట్టిన అత్తను మనసులో ఎంత తిట్టుకున్నానో చెప్పలేను.

లోపలి నుంచి గొంతు వినబడింది.

"పాడ్యమి సామీ. కార్తీక శుద్ధ పాడ్యమి."

"బాగా గుర్తుండాదా తల్లీ? ఆ గుడిసెల్లో దినాలు తప్పిపోయినోళ్ళు చానామంది ఉండారు."

"నా మొగుడు పోయిన దినం నాకు గుర్తుండదా?"

పురోహితుడు నా వైపు తిరిగాడు. "నువ్వు కూడా ఉంటివి కదమ్మా?"

అత్త గడప మీదికి వచ్చి నిలబడింది. నా వైపు చూసింది. ఆ చూపులో ఆజ్ఞ లేదు. మా అత్త నన్ను ఏదైనా బతిమాలడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"అవును సామీ. పాడ్యమే," అన్నాను.

మా ఇంటాయన లేచి నిలబడ్డాడు. "పాడ్యమా అమ్మా? పాడ్యమేనా?"

నాలుగు నెలల తర్వాత ఆమె కొడుకుతో మాట్లాడింది. "పాడ్యమేరా. తెల్లారి. ఆడ నువ్వు తల తీయించుకున్న పొద్దే ఈడ ఆయన పోయినాడు. మీ నాయనకి కర్మ జరగలేదని దిగులు పడబాక. పెద్దకొడుకే చేసినాడు. సముద్రం ఒడ్డున చేసినాడు."

ఆయన అక్కడే అరుగు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పురోహితుడు పంచాంగం మూశాడు. నేను లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చున్నాను. చెప్పబాకమే అన్నది కోపం కాదని, నాలుగు నెలలూ ఆమె నోరు కట్టుకున్నది కొడుకును దండించడానికి కాదని అప్పుడు అర్థమైంది. నోరు తెరిస్తే నిజం వచ్చేస్తుందని ఆమె భయపడింది. ఏం చెప్పాలో తేల్చుకోవడానికి ఆమెకు అన్నాళ్ళు పట్టింది. ఆమె మీద కోపంతో నేను ఎత్తి పడేసిన గిన్నెలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

పాడ్యమి నాడు సంవత్సరీకం జరిగింది. ఆయన శ్రద్ధగా చేశాడు. ముఖం తేటపడింది. ఆ సాయంత్రమే అరుగు మీద చేప కథ మొదటిసారి ఊరందరికీ చెప్పాడు, పల్లె చివరి గుడిలో ఎముకలు చూడకుండా ఎవరూ తిరిగి రావద్దని గట్టిగా చెప్పాడు.

తొమ్మిది రోజుల తర్వాత దశమి వచ్చింది. మధ్యాహ్నం ఆకులు వేస్తుంటే అత్త, "నాకు వద్దుమే, కడుపులో బాగాలేదు" అంది. నాకూ బాగాలేదని నేనూ నా ఆకు తీసేశాను. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. "ఇద్దరికీ ఒక్కసారే వచ్చిందా?" అని ఆయన నవ్వి కూర్చున్నాడు. పొద్దుటి నుంచి చేలో పనిచేసి వచ్చాడు, ఆకలి మీద ఉన్నాడు. తండ్రి పోయిన రోజున ఆయన ఒక్కడే కడుపునిండా తిన్నాడు. అత్త ఆయన పక్కనే కూర్చుని, చాలమ్మా చాలమ్మా అంటున్నా వినకుండా, ఇంకో గరిటె వడ్డించింది.